ఇంటికి అమ్మొచ్చింది

పిల్లల వైద్యంలో పీజీ చదివేవాళ్లకి ‘ప్రపంచ ఆరోగ్యం’ అని కొత్త పాఠం పెడుతున్నారని తెలిసినప్పుడు, అందరూ ముందు అడిగింది విమానం టికెట్టు గురించే. అడగరా మరి? ఆ పాఠాన్ని యాంగోన్‌కి, అంటే మన పాత రంగూన్‌కి, మోసుకొచ్చింది ఒక విదేశీ విశ్వవిద్యాలయం. అక్కడి కుర్ర డాక్టర్లు ఆ పాఠం పేరు చెప్పి ఏటా సముద్రాలు దాటి వచ్చి, మన వార్డుల్లో నెల్లాళ్లు తిరిగి, మొహింగా అనే చేపల పులుసు సేమ్యా తిని కడుపు పాడుచేసుకుని, బోలెడన్ని ఫోటోలతో వెళ్లేవారు. వాళ్లు ఇక్కడికొస్తే మనం అక్కడికి వెళ్లొద్దా అని మనవాళ్లకి అనిపించడంలో తప్పులేదు.

ఆ ఆశమీద నీళ్లు చల్లింది ప్రొఫెసర్ డా న్వే. డా అనేది పెద్దావిడలని గౌరవంగా పిలిచే బర్మా మాట, ఆవిడ పేరు న్వే. పొట్టి మనిషి, పెద్ద గొంతు. “మీకు విమానం ఎందుకు? నది దాటండి చాలు. బస్సు ఛార్జీ మీదే” అంది.

ఆవిడ పెట్టిన పద్ధతి ఇది. చదువుకునే మూడేళ్లూ ఒక్కొక్క డాక్టరుకి ఊరి అంచున ఒక్కొక్క పేట. కొందరు పడవెక్కి దలా వెళ్లాలి, కొందరు వంతెన దాటి తన్లిన్ వెళ్లాలి. నెలకోసారి వెళ్లి, చీటీలు రాయకుండా, గొట్టం మెడలో వేసుకోకుండా, ఇళ్లల్లో కూర్చుని వినాలి. ఏ జబ్బుని ఏమని పిలుస్తారు, ఎవరు చెబితే వింటారు, ఏ రోజున సూది వద్దంటారు, ఇవన్నీ తెలుసుకొచ్చి తరగతిలో చెప్పాలి. వార్డు పనికి ఎన్ని మార్కులో దీనికీ అన్ని మార్కులు. “ఇదేం చదువు, ఊసుపోక కబుర్లు” అని సణిగినవాళ్లు సణిగారు గానీ, డా న్వే వినిపించుకునే రకం కాదు.

ఆ బ్యాచిలో భానుప్రియ ఒకతె. ఆసుపత్రిలో ఆమెకి బర్మా పేరుంది, రికార్డులన్నీ ఆ పేరుమీదే. ఇంట్లో మాత్రం భానే. ముత్తాత గంజాం వైపు నుంచి ఓడలో వచ్చి యాంగోన్‌లోని బోటాటౌంగ్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఆ తర్వాతివాళ్లు బస్తాలు వదిలి గుమాస్తాలయ్యారు, టీచర్లయ్యారు, ఇప్పుడు డాక్టరు కూడా అయ్యారు. తెలుగు మాత్రం తరం తరానికీ అరిగిపోతూ వచ్చింది. భానుకి విన్నది చాలావరకు అర్థమవుతుంది, మాట్లాడబోతే మధ్యలో బర్మా మాటలు వచ్చి కూర్చుంటాయి. అయినా ఆ మాత్రం తెలుగైనా ఉన్నది ఆమె ఒక్కతికే కాబట్టి తన్లిన్‌లో తెలుగువాళ్ల పేట ఆమెకి పడింది.

మొదటిసారి వెళ్లొచ్చి తరగతిలో భాను చెప్పిన సంగతి ఆ ఏడాదంతా మిగతావాళ్లు చెప్పుకున్నారు.

“మావాళ్ల ఇళ్లల్లో పిల్లలకి తట్టు పోసినా, ఆటలమ్మ పోసినా జబ్బు అనరు. అమ్మోరు వచ్చింది అంటారు. మరీ భయభక్తులున్న ముసలివాళ్లయితే ఆ మాట కూడా పూర్తిగా అనకుండా ‘అమ్మొచ్చింది’ అని ఊరుకుంటారు. అమ్మ అంటే దేవత. ఇంటికొచ్చిన దేవతకి ఎలా మర్యాద చెయ్యాలో అలా చేస్తారు. గుమ్మానికి వేపమండలు కడతారు, పిల్లని చల్లగా ఉంచుతారు, పెరుగన్నం పెడతారు. పైవాళ్లని గడప తొక్కనివ్వరు. మందు పెట్టరు, పెడితే అమ్మకి కోపమొస్తుంది.”

తరగతి ఒక్కసారి గొల్లుమంది. బర్మాలో ‘అమ’ అంటే అక్క. అక్క ఇంటికొస్తే వేపాకు కట్టడమేమిటి, మందు మానెయ్యడమేమిటి అని వాళ్ల నవ్వు. భాను కూడా నవ్వింది. డా న్వే నవ్వలేదు. “నవ్వింది చాలు, గుర్తుపెట్టుకోండి. ఆ పేట నుంచి ఎవరైనా ఫోన్ చేసి అమ వచ్చింది అంటే మీరు ఏ అమ అని అడగాలి. అడిగి, వార్డులో మంచం ఖాళీ చేయించాలి” అంది. ఆ ఏడు ఆ పాఠంలో భానుకే మొదటి మార్కు వచ్చింది.

తన్లిన్ పేటలో భాను ఎక్కువగా కూర్చునేది అచ్చమ్మ ఇంట్లో. అచ్చమ్మ కొడుకు మోహనకృష్ణ రేవులో కంటైనర్లు ఎత్తే యంత్రం నడుపుతాడు. కోడలు జయ ఇంటి ముందు బజ్జీల పొయ్యి పెడుతుంది. వాళ్ల పిల్ల రత్నం, మూడేళ్లు నిండబోతున్నాయి. చెంపలకి గంధంలా తనకా పూసుకుని, వీధి గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల మీద అజమాయిషీ చేస్తుండేది. లేడీ డాక్టరుని బర్మాలో సయామ అనాలి. రత్నానికి ఆ మాట నోరు తిరగలేదు. పక్కింటి బర్మా పిల్లలు పెద్దపిల్లలని పిలిచినట్టు అమ అనేసింది. భాను బస్సు దిగి సందు మలుపు తిరిగితే చాలు, “అమొచ్చింది! అమొచ్చింది!” అని గెంతులు. లోపలి నుంచి జయ “మీయమ్మ ఇక్కడుంటే మళ్లీ ఏ అమ్మొచ్చిందే?” అని ఉడికించేది. ఆ పిల్లకి తల్లి ‘మే’, అది కూడా బర్మా మాటే. ఏ భాషకి ఏది న్యాయంగా దక్కాలో అది ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

ఈ రత్నానికి తట్టు టీకా పడలేదు. తొమ్మిదో నెలలో వెయ్యాల్సింది, ఆ రోజు ఒళ్లు వెచ్చగా ఉందని అచ్చమ్మ పంపలేదు. ఏడాదిన్నరకి వెయ్యాల్సింది, అప్పటికి కోవిడ్ వచ్చి టీకాల గది మూసేశారు. ఆ సంగతి బయటపడిన రోజున భాను అచ్చమ్మ ముందు చాపమీద కూలబడి సాయంత్రం దాకా బతిమాలింది. చివరికి అచ్చమ్మ మెత్తబడింది.

“నువ్వే ఏస్తానంటే ఏయించుకుంటాది. ఇంకెవులి సేతా నేను ముట్టనియ్యను.”

“నేనే వేస్తాను మామ్మా. ఫిబ్రవరి మొదటి వారంలో వస్తాను. ఒట్టు.”

“డాకటర్లు ఒట్లు ఎయ్యకూడదు తల్లీ. సాలు, నమ్మినాను.”

ఫిబ్రవరి ఒకటిన తెల్లారేసరికి ఫోన్లు మూగబోయాయి. దేశాన్ని సైన్యం చేతుల్లోకి తీసుకుందని టీ కొట్టుల్లో చెప్పుకున్నారు. రెండు మూడు రోజుల్లో రాత్రి ఎనిమిదవగానే ఊరు ఊరంతా గిన్నెలూ మూకుళ్లూ వాయించడం మొదలుపెట్టింది. ఇంట్లో దూరిన దయ్యాన్ని తరమడానికి వాయించే పద్ధతి అది. ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లు అందరికంటే ముందు పని మానేసి బయటికొచ్చారు. డా న్వే వచ్చింది, భాను వచ్చింది, టీకాలు వేసే నర్సులూ వచ్చారు. అది తప్పని నేననను. అన్నవాడితో తగువుకి కూడా సిద్ధమే. కానీ రత్నానికి రెండుసార్లు తప్పిన సూది మూడోసారి కూడా తప్పింది. ఆ సంగతి భానుకి గొంతులో ముల్లులా ఉండిపోయింది.

విదేశీ పంతుళ్లు అప్పటికే రావడం మానేసి, కంప్యూటరు తెరమీద పాఠం చెబుతుండేవారు. ఇంటర్నెట్టు ఆపేశాక ఆ తెర కూడా నల్లబడింది. మీకోసం ఆలోచిస్తున్నామని ఒక సందేశం వచ్చింది, అంతే. ప్రపంచ ఆరోగ్యం అన్న పేరులో ప్రపంచం అలాగే ఉంది. అసలు ప్రపంచం మాత్రం మెల్లిగా తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

డా న్వే పాఠం ఆపలేదు. బోటాటౌంగ్‌లో ఒక బౌద్ధ మఠం కింది గదిని అక్కడి పెద్ద భిక్షువు ఇచ్చాడు. పగలు అందులో ఉచిత వైద్యం, మధ్యాహ్నం భోజనాలయ్యాక తరగతి. “పట్టా ఇవ్వలేను. పరీక్ష పెట్టలేను. పాఠం చెప్పగలను” అంది. ఎనిమిదిమంది మిగిలారు. ఒకర్ని పట్టుకుపోయారు, ఏడుగురయ్యారు. పట్టుకుపోయినవాణ్ణి ఎక్కడ పెట్టారో తెలియలేదు. అతని కుర్చీ తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

అప్పటి నుంచి అందరికీ ఫోనంటే భయం పట్టుకుంది. వింటారని ఒకరు, వింటే పట్టుకుంటారని ఇంకొకరు. అందుకని దొంగమాటలు కట్టుకున్నారు. వాన అంటే సైనికులు. వానాకాలం మొదలయ్యాక నిజంగా వాన పడితే ఏమనాలో తెలియక కొన్నాళ్లు నవ్వుకున్నారు కూడా. టీకా మందు మంచుపెట్టెలో పాడవకుండా చేరితే ‘చల్లగా ఉంది’ అనాలి. మందులు మోసే నర్సు పేరు మ ఖైన్, ఆ పేరు ఎత్తకూడదు, ఆవిడని అమ అనాలి. అక్క అనే మాట మీద ఏ సిపాయికి మాత్రం అనుమానం వస్తుంది?

మే నెలలో ఎలాగో తన్లిన్ వెళ్లినప్పుడు ఈ మాటలన్నీ భాను జయకి నేర్పింది. “రత్నానికి సూదిమందు బయట సంపాదిస్తున్నాను. నేను రాలేకపోతే మ ఖైన్‌ని పంపుతాను. ఆమె చేరితే ‘అమ వచ్చింది’ అని ఒక్కముక్క ఫోన్ చెయ్యి. పేటలో సైనికులుంటే ‘రావద్దు’ అను.”

“మరి మామ్మ ఒప్పుకుంటాదా బానప్పా, నువ్వు కాకుండా ఇంకొకలు ఏస్తే?”

“నేను పంపానని చెప్పు.”

అచ్చమ్మ ఆ సమయానికి వీధి కుళాయి దగ్గరుంది. దొంగమాటలు నేర్చుకున్నది జయ ఒక్కతే. తర్వాత చెబుతుందిలే అని భాను అనుకుంది, అత్తకి ఇవన్నీ ఎందుకులే అని జయ అనుకుంది.

జులైలో కోవిడ్ విరుచుకుపడింది. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం రాత్రీ పగలూ బారులు తీరారు. సిలిండరు భుజాన వేసుకుని కొడుకు వచ్చేసరికి తండ్రి పోయేవాడు. మఠం గదిలో బెంచీలు చాలక నేలమీద పడుకోబెట్టారు. అదే నెలలో తన్లిన్ వైపు పిల్లలకి తట్టు తగులుతోందని కబురొచ్చింది. భాను నానా తంటాలు పడి టీకా మందు సంపాదించింది. మ ఖైన్ నీలం రంగు మంచుపెట్టెని సంచిలో పెట్టుకుని, పైన తోటకూర కప్పి బయల్దేరింది.

మర్నాడు మధ్యాహ్నం భాను ఒక ముసలాయన వీపుమీద తడుతూ ఊపిరి లెక్కపెడుతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. గరగరలాడుతున్న లైనులో ఎక్కడో దూరంగా అచ్చమ్మ గొంతు.

“బానమ్మా, నాను, అచ్చమ్మని. ఇంటికి అమ్మొచ్చింది.”

భానుకి ప్రాణం లేచొచ్చింది. “ఎప్పుడొచ్చింది మామ్మా?”

“నిన్న పొద్దుగూకి. పిల్ల కాడే ఉంది.”

“చల్లగా ఉందా?”

“సల్లగానే సూసుకుంటన్నాం తల్లీ. పెరుగన్నం పెట్టినాం.”

మ ఖైన్ చేప లేనిదే ముద్ద ఎత్తదు. ఆవిడ పెరుగన్నం ముందు బుద్ధిగా కూర్చోవడం తలుచుకుంటే అంత గొడవలోనూ భానుకి నవ్వొచ్చింది. “రత్నం ఏడ్చిందా?”

“ఏడవదేటి మరి. ఏడస్తంది.”

“ఏడిస్తే ఏడవనీ, మంచిదే. నేను రానా?”

“వద్దొద్దు, నువ్వు రావద్దు. గడపలోకి ఎవుల్నీ రానీటం నేదు. నీకు సెప్పకపోతే తప్పని సెప్పినాను. ఏదొచ్చినా పోను సెయ్యమన్నావు గదా.”

“మంచి పని చేశావు మామ్మా. అమని బాగా చూసుకోండి. ఆవిడ ఎలా చెబితే అలా చెయ్యండి.”

“అంతే గదా తల్లీ. ఆవిడ సెప్పినట్టే” అంది అచ్చమ్మ. ఆ గొంతులో ఏదో బరువు దిగినట్టు వినిపించింది. లైను తెగింది.

భాను ఫోన్ జేబులో పడేసి డా న్వే వైపు తిరిగి, “తన్లిన్‌కి అమ చేరింది” అంది. ఆవిడ తల ఎత్తకుండానే మంచిదంది. ఏ అమ అని ఆవిడ కూడా అడగలేదు. ఆ గదిలో అప్పుడు అంతమంది ఊపిరాడక కొట్టుకుంటున్నారు. ఆ రాత్రి భాను ఎన్నాళ్ల తర్వాతో కంటినిండా నిద్రపోయింది. రత్నానికి సూది పడింది. ఒట్టు తీరింది.

నాలుగైదు రోజుల తర్వాత, జోరుగా వాన కురుస్తుండగా, నిజం వానే, మ ఖైన్ మఠం మెట్లెక్కి వచ్చింది. తడిసి ముద్దయింది. భుజానికి అదే సంచి. తోటకూర కుళ్లిపోయి ఉంది. మంచుపెట్టె తీసి భాను ముందు పెట్టి కళ్లు దించుకుంది.

“క్షమించు సయామా. వంతెన దగ్గర ఒక్కొక్క సంచీ విప్పి చూస్తున్నారు. వంతెనకి ఇవతలే, తాకేతాలో మా పిన్ని ఇంట్లో దాక్కున్నాను. ఇవాళ దాటుదాం, రేపు దాటుదాం అని చూశాను. మంచంతా కరిగిపోయింది. మందు పనికిరాదు.”

“వెళ్లొచ్చావుగా?” అంది భాను.

“ఎక్కడికి?”

“తన్లిన్.”

“వంతెన దాటందే తన్లిన్ ఎలా వెళ్తాను?”

భాను ఆవిడ ముఖంలోకి చూస్తూ నిలబడింది. చూస్తూ చూస్తూ ఉండగా చెవిలో అచ్చమ్మ గొంతు మళ్లీ పలికింది. ఈసారి అది తన నాయనమ్మ గొంతులా పలికింది, చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తను చాపమీద పడుకున్నప్పుడు వాకిట్లో నిలబడి పక్కింటివాళ్లతో చెప్పిన గొంతులా. ఇంటికి అమ్మొచ్చింది, రావద్దు. పెరుగన్నం, చల్లదనం, గడప, ఒక్కటీ తెలియని మాట కాదు. అన్నీ తను తరగతి ముందు నిలబడి నోరారా చెప్పినవే. అందరూ నవ్వితే తనూ నవ్వినవే.

“దేవుడా” అంది తెలుగులో. మ ఖైన్‌కి అర్థం కాలేదు.

డా న్వేకి చెప్పడానికి రెండు ముక్కలు చాలాయి. ఆవిడ బీరువా తెరిచి విటమిన్ ఏ చుక్కలు, యాంటీబయాటిక్ సీసా తీసి ఇచ్చింది. తట్టు పోసిన పిల్లకి ఆ చుక్కలు మొదటి రోజుల్లో పడితే ప్రాణం నిలబడే వీలు ఎక్కువ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అవి మొదటి రోజులు కావనీ తెలుసు. టిఫిన్ కేరియరులో అడుగున మందులు, పైన అన్నం పెట్టుకుని భాను బస్సెక్కింది.

వంతెన దగ్గర ఒక సిపాయి, ఇంకా మీసాలు కూడా సరిగా రానివాడు, కేరియరు మూత తీయించాడు.

“ఎక్కడికి?”

“అమ ఇంటికి” అంది భాను. అక్క ఇంటికని.

వాడు అన్నం కేసి చూసి, పొమ్మన్నాడు.

సందు మలుపు తిరిగితే గుమ్మంలో ఎవరూ లేరు. వేపమండలు కూడా లేవు. అవి కట్టిన దారం మాత్రం మేకుకి వేలాడుతోంది. గుమ్మం కడిగి ఉంది. వానలో గుమ్మం కడిగే అవసరం ఎవరికీ ఉండదు. భాను అక్కడే ఆగిపోయింది.

లోపల జయ గోడకి ఆనుకుని కూర్చుంది. చూసి లేవలేదు. ఏడవలేదు.

“నిన్న పొద్దున్న, బానప్పా” అంది. “ఆయాసం వొచ్చింది. డొక్కలెగరేసింది. ఆయన బుజానేసుకుని రోడ్డుమీదకి పరిగెట్టినాడు. పెద్దాసుపత్రి గేటుకి తాళం. ఇంకో దాంట్లో గాలి సిలిండరు లేదన్నారు. మూడోదానికి దారిలోనే…” అని ఆగింది. తర్వాత తప్పు పట్టినట్టు కాకుండా నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “నేను మందడుగుదామన్నాను. నువ్వు అమ్మోరు సెప్పినట్టు సెయ్యమన్నావని మామ్మ సెప్పింది. డాకటరే ఒప్పుకున్నాక నేనేటి సెప్పగలను? నువ్వు అలగే అన్నావా, బానప్పా?”

“అన్నాను” అంది భాను.

ఎలా అన్నదో, ఏ అమ అనుకుని అన్నదో చెప్పింది. సగం తెలుగులో, సగం బర్మాలో, ఏడుస్తూ చెప్పింది. జయ అంతా విని, “అది నాకు నేర్పినావు, నాను మామ్మకి సెప్పనేదు” అంది. అలా అనకపోయినా బాగుండేది. తిట్టి ఉంటే భాను ఇంకొంచెం తేలిగ్గా భరించేది. మోహనకృష్ణ పెరట్లో రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఇటు తిరగలేదు. అమ్మోరు తీసుకెళ్లిన పిల్లని కాల్చకూడదు గనక మట్టిచేసి వచ్చారట. చిన్న మట్టిదిబ్బ, పైన వానకి కొట్టుకుపోకుండా తాటాకు కప్పారట.

విటమిన్ చుక్కలు భాను వృథా పోనివ్వలేదు. ఆ పేటలో ఇంకో మూడిళ్లకి దారాలతో వేపమండలు కట్టి ఉన్నాయి. ఒక్కొక్క గడప బయటే నిలబడి, “అమ్మకి కోపం రాకుండా ఇస్తాను, లోపలికి రాను, నోట్లో రెండు చుక్కలు” అని బతిమాలింది. రత్నం సంగతి అప్పటికే ఇల్లిల్లూ తెలిసింది కాబట్టి ఎవరూ కాదనలేదు. ఆ పిల్లలు ముగ్గురూ బతికారు. దీన్ని ఊరటగా చెప్పుకోమని భానుకి తర్వాత ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఊరట అనేది అలా ఒక ఇంటి నుంచి తెచ్చి ఇంకో ఇంట్లో పెట్టేది కాదని వాళ్లకి ఎవరు చెబుతారు?

వాన తగ్గాక మఠం గదిలో మళ్లీ తరగతి పెట్టారు. పని మానేసిన కుర్ర డాక్టర్లు కొత్తగా నలుగురు చేరారు. డా న్వే ముందుగానే అడిగింది, “నువ్వు చెప్పగలవా, నేను చెప్పనా?” అని. భాను తనే చెబుతానంది. నల్లబల్ల మీద సుద్దముక్కతో బర్మా అక్షరాల్లో ‘అమ’ అని రాసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మాటకి పేటలో ఉన్న అర్థం చెప్పింది, ఫోన్లో తాము కట్టుకున్న అర్థం చెప్పింది, ఆ రోజు ఎవరేమన్నారో దాచకుండా చెప్పింది. భయంతో కట్టుకున్న మాట తన చెవిలో ముందు వచ్చి కూర్చుందనీ, నాయనమ్మ మాటకి చోటు లేకుండా పోయిందనీ చెప్పింది. కొత్తవాళ్లలో ఒకమ్మాయి, “అప్పుడేం అడిగి ఉండాల్సింది సయామా?” అంది.

“ఏ అమ అని” అంది భాను. “అంతే. ఒక్క ప్రశ్న.”

డా న్వే ఆ పాఠాన్ని తన పద్ధతిలో చేర్చుకుంది. ఇప్పటికీ చెబుతుందట.

ఒక్క సంగతి మాత్రం భాను ఆ తరగతిలో చెప్పలేదు. తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు.

రత్నం పోయిందని తెలిసిన ఆ రోజు, తన్లిన్‌లో బస్సు దాకా సాగనంపడానికి అచ్చమ్మ వచ్చింది. బస్సు వస్తున్నదనగా ఆవిడ భాను చెయ్యి పట్టుకుంది. ఇంట్లో జయతో భాను చెప్పిందంతా ఆవిడ వినలేదు, విన్నా ఆ దొంగమాటల గొడవ ఆవిడకి ఎక్కలేదు.

“ఒక్కమాట అడుగుతాను తల్లీ, నువ్వు సదువుకున్నదానివి. ఒళ్లు తెలీకుండా ఉన్నా గుంటది అదే అడిగింది. ‘అమొచ్చిందా, మామ్మా, అమొచ్చిందా’ అని. అమ్మోరే దాని నోట అడిగిస్తందనుకున్నాను. ‘వచ్చింది తల్లీ, ఒంటినిండా వచ్చింది, నీ కాడే ఉంది’ అన్నాను. ఎన్నిసార్లు సెప్పినా నమ్మనేదు. తల తిప్పి గుమ్మం కేసి సూసేది. ‘నేదు, రానేదు’ అనేది. పోయిందాకా గుమ్మం కేసే సూసింది.” అచ్చమ్మ భాను ముఖంలోకి చూసింది. “అమ్మోరు ఒంటిమీదే ఉంటే, బానమ్మా, అది గుమ్మంలో ఎవుల్ని ఎతికిందంటావు?”